అప్పీలుకు రాని ప్రశ్న

వెలిస్లావా తోనెవా ఆ ఊరి జిల్లా కోర్టుకు జడ్జిగా వచ్చి పదకొండేళ్ళయింది. అయినా డాన్యూబ్ ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్ళో ఆమె ముఖం గుర్తుపట్టగలిగినవాళ్ళు పట్టుమని పదిమంది ఉండరు. ఆమె పని అలాంటిది. ఒక దావా ఇంకా నడుస్తుండగానే కింది కోర్టు జడ్జి దారి పొడుగునా చిన్న చిన్న ఉత్తర్వులు ఇస్తుంటాడు. కాగితాల్లో లోపముందని దావాను తిప్పి పంపుతాడు. తగాదాలో ఉన్న వస్తువుకు సీలు వేయిస్తాడు. విచారణను కొన్నాళ్ళు ఆపి ఉంచుతాడు. అలాంటి మధ్యంతర ఉత్తర్వుల మీద అప్పీళ్ళు వస్తే వాటిని చూసేది జిల్లా కోర్టులో ముగ్గురు జడ్జీల బెంచి. వెలిస్లావా ఆ ముగ్గురిలో ఒకరు.

ప్రతి గురువారం ఆ ముగ్గురూ తలుపు మూసుకుని కూర్చునేవారు. ఆ గదిలోకి వకీళ్ళు రారు, కక్షిదారులు రారు, సాక్షులు రారు. వచ్చేవి ఫైళ్ళు మాత్రమే. ఎవరిది న్యాయం, ఎవరిది అన్యాయం అన్న అసలు సంగతి జోలికి ఆ బెంచి పోకూడదు. గోడ తగాదా వస్తే తీర్పు వచ్చేదాకా గోడ పడగొట్టవచ్చా లేదా అన్నంతవరకే. ఆ గోడ చివరికి ఎవరికి దక్కిందో ఆమెకు తెలిసేది కాదు. పదకొండేళ్ళలో కొన్ని వందల కథల్ని మధ్యలోంచి ఒక్కో పేజీ చొప్పున చదివింది. మొదలు తెలియదు, చివర తెలియదు.

ఊళ్ళోకి వెళ్ళినా అంతే. మొదటి సంవత్సరం కింది వాటాలో ఉండే ఆవిడ కాల్చిన మిరపకాయల పచ్చడి సీసా ఒకటి తెచ్చి ఇచ్చింది. ఆవిడ అల్లుడి పొలం కేసు తమ బెంచి ముందుందని రెండు రోజుల తర్వాత తెలిసింది. వెలిస్లావా మూత కూడా తీయకుండా సీసా తిరిగి ఇచ్చేసింది. ఆవిడ అందుకుని, ఆ తర్వాత ఎప్పుడూ తలుపు తట్టలేదు. జుట్టు కత్తిరించే అమ్మాయి ఒకతె, చిల్లర కొట్టు అతను ఒకడు... ఇలా ఒక్కొక్కరే ఏదో ఒక ఫైల్లో తేలుతూ వచ్చారు. చివరికి ఎవరితోనైనా రెండు మాటలు కలపాలంటే ముందు ఇతనికి కేసేమైనా ఉందా అన్న అనుమానం వచ్చేది. భర్త లుబెన్‌తో విడాకులై తొమ్మిదేళ్ళు. అతను ప్లోవ్‌దివ్‌లో ఉంటాడు. పిల్లలు లేరు. సాయంత్రం ఇంటికెళ్ళి రేడియో పెట్టుకుని, వార్తలైపోయాక కూడా దాన్ని ఆపేది కాదు.

స్పిరిదోన్ కాల్చెవ్ మొదటి అప్పీలు ఆమె బల్ల మీదికి వచ్చింది అలాంటి రోజుల్లోనే.

చిన్నపిల్లలు లెక్కలు చేసుకునే గళ్ళ కాగితం మీద, ఊదారంగు సిరాతో రాసిన అప్పీలు అది. వకీలు లేడు. అసలు సంగతి ఇది: అతనికీ ఇంకొకతనికీ కలిపి ఒక చెక్క పడవ ఉంది. ఇద్దరూ నలభై రెండేళ్ళు దాంట్లో చేపలు పట్టారు. ఇప్పుడు స్పిరిదోన్ ఆ పడవను పంచమంటున్నాడు. కింది కోర్టు అతని దావాను తిప్పి పంపింది. కారణం, ప్రతివాది పేరు ఉండాల్సిన చోట అతను "ఆ మనిషి" అని రాశాడు. సరిదిద్దమని వారం గడువిచ్చినా సరిదిద్దలేదు.

అప్పీల్లో ఇలా ఉంది: "గౌరవనీయులైన న్యాయమూర్తులారా, ఆ మనిషి పేరు నా చేత్తో రాయమంటే రాయను. నలభై రెండేళ్ళు నోటితో పిలిచాను, చాలు. పడవ రిజిస్ట్రేషన్ కాగితం జతచేశాను. దాని మీద రెండు పేర్లున్నాయి. ఒకటి నాది. మిగిలింది ఎవరిదో కోర్టువారు చూసుకోగలరు." కింద సంతకం. సంతకం కింద, ఎవరూ అడగకపోయినా, ఇంకో వాక్యం: "ఈ రోజు నది బాగా పెరిగింది, పాలు పోసిన కాఫీ రంగులో ఉంది."

గురువారం ఆ కాగితం చదివి బెంచి పెద్ద అస్పారుహ్ ద్రెన్‌స్కి పడీపడీ నవ్వాడు. అరవై మూడేళ్ళ మనిషి. నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

"ముసలాడు లెక్క కరెక్టుగానే చేశాడే! రెండు పేర్లలోంచి ఒకటి తీసేస్తే ఒకటే కదా మిగిలేది. ఆ పాటి తీసివేత కింది కోర్టాయనకి రాలేదా?"

"ప్రతివాది ఎవరో జతచేసిన కాగితాల్లోంచి తెలుస్తున్నప్పుడు దావా తిప్పి పంపక్కర్లేదండీ," అంది వెలిస్లావా. "నేను రాస్తాను ఉత్తర్వు."

"రాయి తల్లీ రాయి. ఆ నది రంగు మాత్రం వదిలెయ్."

ఉత్తర్వు ఆమే రాసింది. దావా మళ్ళీ ప్రాణం పోసుకుని కింది కోర్టుకు వెళ్ళింది. ప్రతివాది పేరు మెతోది అని రిజిస్ట్రేషన్ కాగితంలో చూసి తెలుసుకుంది.

రెండో అప్పీలు తర్వాతి జూలైలో వచ్చింది. తీర్పు వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ పడవను వాడకూడదని కింది కోర్టు దాన్ని ఒక రేకుల షెడ్డులో పెట్టించి సీలు వేయించింది. స్పిరిదోన్ రాశాడు: "వాడవద్దంటే సరే, నేనూ వాడను. కానీ చెక్క పడవ నీళ్ళలో ఉంటేనే పడవ. నీళ్ళలో చెక్క ఉబ్బి అతుకులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈ ఎండల్లో రేకుల కింద పడేస్తే ఎండిపోయి ఎక్కడికక్కడ విడిపోతాయి. మీ తీర్పు వచ్చేనాటికి పంచడానికి పడవుండదు, పొయ్యిలోకి కట్టెలుంటాయి. నాకు సగం కట్టెలు అక్కర్లేదు. మిగతా సగం కట్టెలు ఆ మనిషికి మాత్రం ఎందుకు?" అడుగున: "నీళ్ళు తగ్గాయి. దీవి దగ్గర ఇసుక బయటపడింది. కొంగలు వచ్చాయి. మా ఆవిడ ఉంటే లెక్కపెట్టేది."

"ఏమంటావు అమ్మాయ్," అన్నాడు ద్రెన్‌స్కి, "కోర్టు అమీను రోజూ బకెట్టు పట్టుకెళ్ళి పడవకి స్నానం చేయించాలంటావా?"

"అక్కర్లేదండీ. నీళ్ళలోనే కట్టేసి, గొలుసుకి తాళం వేసి, తాళానికి సీలు వేస్తే సరిపోతుంది. వస్తువుని కాపాడడానికి ఇచ్చిన ఉత్తర్వు ఆ వస్తువునే చంపేయకూడదు కదా."

మూడో జడ్జి మిలెన్ కొత్తగా వచ్చినవాడు. నోట్సు రాసుకుంటూ తలూపాడు. ద్రెన్‌స్కి సంతకం పెట్టాడు. "నువ్వు ఈ ముసలాడికి వకీలుగా చేరావేమిటి?" అన్నాడు నవ్వుతూనే.

ఆమె కూడా నవ్వింది. ఇంటికి నడుస్తుంటే మాత్రం ఆ మాట చెప్పులో చిన్న రాయిలా గుచ్చుకుంది.

ఎందుకంటే అప్పటికే ఆమె ఎదురుచూడడం మొదలుపెట్టింది. మంగళవారాల్లో కొత్త అప్పీళ్ళను బండి మీద తోసుకుంటూ రికార్డు గది గుమాస్తా దోనికా వచ్చేది. ఆ బండి చక్రం కీచుమన్న చప్పుడు వినగానే వెలిస్లావా కళ్ళు కట్టల అంచుల్లో ఊదారంగు కోసం వెతికేవి. మధ్యలో ఇంకో రెండు అప్పీళ్ళు వచ్చాయి. ఒకటి గడువు పెంచనందుకు, ఇంకొకటి విచారణ వాయిదా వేసినందుకు. రెండూ నిలిచేవి కావు, ఆమే కొట్టేసింది. అయినా వాటిని అన్నిటికంటే ఆఖరున, కాఫీ కలుపుకుని తీరిగ్గా చదివింది. ఒకదాంట్లో మంచు ముక్కలు కొట్టుకొస్తున్నాయని ఉంది. ఇంకొకదాంట్లో, చాలాకాలం తర్వాత ఒంటరిగా సూప్ కాచుకున్నాననీ ఉప్పు రెండుసార్లు వేశాననీ ఉంది. అప్పీలు కొట్టేసిన కోర్టుకు ఎవరైనా మళ్ళీ అలాంటి సంగతులు రాస్తారా? అతను రాశాడు. ఆమెకు కాదు. ముగ్గురు న్యాయమూర్తులకు, వాళ్ళెవరో తెలియకుండానే రాశాడు. అది ఆమెకు తెలుసు. తెలిసినా తనకు రాసినట్టే చదువుకునేది.

ఒక ఆదివారం ఊరి చివరి విల్లో చెట్ల దాకా నడిచింది. అవి దాటితే పడవల రేవు. గాలికి గొలుసు పడవ అంచుకు తగిలిన చప్పుడు వినిపించింది. అది ఆ పడవ గొలుసో కాదో తెలియదు. ఇంకో వంద అడుగులు వేస్తే తెలిసేది. కానీ జడ్జి ఫైల్లో ఉన్నదే చూడాలి, బయటిది చూడకూడదు. ఆమె అక్కడే నిలబడి, కాసేపు ఆ చప్పుడు విని వెనక్కి వచ్చేసింది.

మూడో సంవత్సరం అక్టోబరులో ఇంకో అప్పీలు వచ్చింది. ఈసారి గళ్ళ కాగితాలు నాలుగు.

"నేను కింది కోర్టును ఒక్కటే అడిగాను," అని మొదలైంది. "మెతోదిని పిలిపించి, నిలబెట్టి, ఒక ప్రశ్న వేయమన్నాను." ఆ పేరు అతని చేతిరాతలో ఆమె చూడడం అదే మొదటిసారి. "జడ్జిగారు ఆ ప్రశ్నకీ పడవ పంపకానికీ సంబంధం లేదన్నారు. మరి నాకు ఆ రెండూ ఒకటే. నా భార్య పరస్కేవాను సమాధి చేసిన రోజు మెతోది రాలేదు. శవపేటిక మోయడానికి ఆరుగురం అనుకున్నాం. ఎడమవైపు ముందు పట్టు అతనికని వదిలిపెట్టాను. గంటసేపు ఆగాను. పాదిరిగారు ఇంక కాదన్నారు. అయిదుగురం మోశాం. చర్చి మెట్లు దిగేటప్పుడు పెట్టె ఆ మూలకి ఒరిగిపోయింది. లోపల ఆమె కదిలింది. నాకు వినిపించింది. ఆ రోజు పడవ రేవులో లేదు. అతను చేపలకి వెళ్ళాడు. ఎందుకు రాలేదని అడగాలి. నేనడగను. నేను అతనితో మాట్లాడను. కోర్టు అడగాలి. అందుకే కదా కోర్టు ఉన్నది."

అడుగున ఈసారి నది గురించి ఏమీ రాయలేదు.

వెలిస్లావా కాగితాలు బల్ల మీద పెట్టింది. చట్టం ఆమెకు కంఠోపాఠం. దావా ముందుకు సాగకుండా అడ్డుపడే ఉత్తర్వుల మీదా, సీలు లాంటివాటి మీదా మాత్రమే అప్పీలు ఉంటుంది. ఫలానా మనిషిని ప్రశ్నించను అన్న ఉత్తర్వు మీద విడిగా అప్పీలు లేదు. ఆ ఫిర్యాదేదో చివరి తీర్పు మీద చేసే అప్పీల్లో చెప్పుకోవాలి. ఇది విచారణకు రాదు. అలా తేల్చడానికి నాలుగు లైన్లు చాలు.

నాలుగో కాగితం కింద ఇంకొక కాగితం ఉంది. అప్పీలు నకలు అవతలివాడికి పంపుతారు, అతను వారంలోగా జవాబు ఇచ్చుకోవచ్చు. మెతోది ఇన్నేళ్ళలో ఒక్క అప్పీలుకూ జవాబు ఇవ్వలేదు. ఈసారి ఇచ్చాడు, ఆఖరి రోజున. బాల్‌పెన్నుతో, అన్నీ పెద్దక్షరాలే, ఒక్కొక్కటీ కాగితంలోకి దిగబడేలా.

"నన్ను అడిగారు గనక చెబుతున్నా," అని రాశాడు. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. పరస్కేవా ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని అంది: నా కర్మ భోజనానికి బజారు చేప పెట్టనివ్వకు, దీవి వెనక మడుగులో వాలుగ పట్టుకొచ్చి సూప్ కాయించు, స్పిరిదోన్‌కి చెప్పకు, ఏడుస్తాడు అంది. సరేనన్నా. ఆ రోజు పొద్దున్నే ఒక్కణ్ణే వెళ్ళా. చేప దొరికింది. పొగమంచు దిగింది. మోటారు ఆగిపోయింది. తెడ్లతో ఎంత లాగినా ప్రవాహం నన్ను అవతలి ఒడ్డుకి, రుమేనియా వైపు తోసేసింది. అక్కడి కాపలావాళ్ళు నా దగ్గర కాగితం లేదని మర్నాటిదాకా ఉంచేశారు. మంచివాళ్ళే, పొడి మేజోళ్ళు ఇచ్చారు. నాకు వాళ్ళ భాష రాదు. మన ఒడ్డున చర్చి గంటలు మోగుతుంటే నాకు వినిపించాయి. మర్నాడు సాయంత్రం వచ్చా. చేప చెడిపోయింది. దాన్ని పట్టుకునే స్పిరిదోన్ గుమ్మం దాకా వెళ్ళా. లోపల ఎవరితోనో అంటున్నాడు: మెతోది అనేవాడు నాకు తెలియదు అని. చేపని కాలవలో పారేసి ఇంటికి పోయా. నేనే వెళ్ళి చెప్పాల్సింది. నాకూ కోపం వచ్చింది. అంతే. పడవ ఆయన్నే తీసుకోమనండి."

వెలిస్లావా దాన్ని మూడుసార్లు చదివింది. తర్వాత ఆమెకు ఒక సంగతి తట్టింది. అప్పీలు మీద వచ్చిన జవాబును అప్పీలు చేసినవాడికి పంపాలని చట్టంలో లేదు. పంపరు. అది ఫైల్లో కుట్టేసి ఉంటుంది. కావాలంటే స్పిరిదోన్ రికార్డు గదికి వచ్చి ఫైలు తీసి చూసుకోవచ్చు. కానీ మూడేళ్ళలో అతను ఒక్కసారైనా కోర్టు మెట్లెక్కి ఫైలు అడగలేదని అట్ట మీద, ఫైలు చూసినవాళ్ళు సంతకం పెట్టే చోట ఖాళీగా ఉన్న గడే చెబుతోంది. ఆ ప్రశ్న, దాని జవాబు, రెండూ ఒకే దారంతో కుట్టి ఉన్నాయి. ఆ రెండూ చదివిన మనిషి ఈ ప్రపంచంలో తనొక్కతే.

చెప్పాలంటే ఎంతసేపు! అతని చిరునామా ఫైల్లోనే ఉంది. పది నిమిషాల నడక. "ఒకసారి వచ్చి ఫైలు చూసుకోండి," అంటే చాలు. ఆ ఒక్క మాట అంటే ఆమె ఇంక జడ్జి కాదు. అనకుండా "విచారణకు రాదు" అని నాలుగు లైన్లు పంపితే?

బుధవారమంతా కూర్చుని ఉత్తర్వు రాసింది.

గురువారం ద్రెన్‌స్కి అది చేతిలోకి తీసుకుని, పేజీలు తిప్పి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"ఏమిటిది? విచారణకు రాని అప్పీలుకి మూడు పేజీలా?"

"కారణాలు నాలుగు లైన్లేనండీ. ఆఖర్న ఉన్నాయి."

"మరి మిగతాదంతా?"

"ప్రతివాది జవాబు. ఎవరేం చెప్పారో ఉత్తర్వులో ఎత్తి రాయాలి కదా."

"ఎత్తి రాయడమంటే 'ప్రతివాది అప్పీలును వ్యతిరేకించాడు' అని ఒక ముక్క. ముప్ఫై ఏళ్ళుగా ఒక ముక్కే రాస్తున్నాం. మేజోళ్ళ గురించి కూడా రాయాలా?"

"ఆయన వ్యతిరేకించలేదండీ. జవాబు చెప్పాడు." ఆమె జవాబు కాగితం ముందుకు జరిపింది. "ఉత్తర్వు నకలు అప్పీలుదారుకి వెళుతుంది. జవాబు వెళ్ళదు."

మిలెన్ పెన్ను కింద పెట్టేశాడు. ద్రెన్‌స్కి కళ్ళద్దాలు దించుకుని మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాడు. ఈసారి నవ్వలేదు. గంటల చప్పుడు దగ్గరికి వచ్చేసరికి పేజీ మీద వేలు ఆగిపోయింది. తర్వాత ఎర్ర పెన్సిలు తీసుకుని ఒక పదం చుట్టూ గీశాడు.

"ఇక్కడ 'దుఃఖంతో' వెనక్కి వెళ్ళిపోయానని ప్రతివాది చెబుతున్నాడు, అని ఉంది. జవాబులో దుఃఖం ఎక్కడుంది?"

ఆమె జవాబు కాగితం చూసింది. లేదు. కోపం అని ఉంది.

"అది అతను రాయలేదు వెలా. నువ్వు రాశావు."

"కొట్టేయండి," అంది ఆమె.

ద్రెన్‌స్కి కొట్టేశాడు. సంతకం పెట్టాడు. మిలెన్ కూడా పెట్టాడు. "ఉత్తర్వు ఎన్ని లైన్లుండాలో చట్టంలో ఎక్కడా లేదు," అన్నాడు ద్రెన్‌స్కి, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

మిలెన్ వెళ్ళాక ఆమె ఇంకో కాగితం ఆయన ముందు పెట్టింది. ఈ దావాలో ఇకముందు ఏ అప్పీలు వచ్చినా తాను కూర్చోనని రాసిన కాగితం.

"ఎందుకు? చుట్టమా?"

"కాదు."

"స్నేహితుడా? ఎప్పుడైనా కలిశావా?"

"ఎలా ఉంటాడో కూడా తెలియదండీ."

"మరి?"

"ఆయన ఉత్తరాల కోసం ఎదురుచూస్తున్నాను," అంది వెలిస్లావా. "మంగళవారం రాకపోతే ఆ వారమంతా ఏమీ తోచదు. ఇలాంటి మనిషి తీర్పు చెప్పకూడదు."

ద్రెన్‌స్కి ఏదో వెటకారం చేయబోయి ఆగాడు. ఆమె ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో అలా చూడడం అదే మొదటిసారేమో. "ఇదే రాస్తావా కాగితం మీద?" అన్నాడు మెల్లగా. "ఇది ఫైల్లోకి వెళుతుంది. ఎవరైనా చదవచ్చు."

"నిజం అదే కదండీ."

"ఎప్పుడైనా... ఆదివారాలు మా ఇంటికి భోజనానికి రావచ్చు కదా నువ్వు. మా ఆవిడ అంటూనే ఉంటుంది."

"వస్తానండీ," అంది ఆమె. రాదని ఇద్దరికీ తెలుసు.

"నిష్పక్షపాతంగా ఉండలేనన్న సందేహం నాకే కలిగింది" అని రాసి, కింద ఒక వాక్యంలో ఆ సందేహం ఎందుకో కూడా రాసింది. దాన్ని ఫైల్లో కుట్టారు. ఫైలు కింది కోర్టుకు తిరిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మంగళవారాలు వచ్చాయి, పోయాయి. బండి చక్రం కీచుమంటూనే ఉంది. గోడ తగాదాలు, బావి తగాదాలు, సీలు వేసిన గొడౌన్లు. ఊదారంగు సిరా కనిపించినా అది ఇంక తన బల్ల మీదికి రాదు, ఇంకో గదికి పోతుంది. అయినా కళ్ళు వెతికేవి. డిసెంబరులో నది మంచు కట్టిందో లేదో ఆమెకు చెప్పేవాళ్ళు లేకపోయారు. రేడియోలో నీటిమట్టాలు చదువుతారని అప్పుడు తెలుసుకుంది. ఊరి పేరు తర్వాత ఊరి పేరు, అంకె తర్వాత అంకె. రంగు చెప్పరు.

ఫిబ్రవరిలో ఒకరోజు దోనికా ఫైళ్ళు దించుతూ అంది, "మేడమ్, గళ్ళ కాగితాల ముసలాయన గుర్తున్నాడా మీకు? పడవ కేసు?"

వెలిస్లావా చేతిలోని కాగితం మీంచి తల ఎత్తలేదు. "ఆ. ఏమైంది?"

"దావా వెనక్కి తీసేసుకున్నాడట. కింది కోర్టులో మా చెల్లెలు చెప్పింది. ఇంతకాలం నడిచాక అవతలివాడు ఒప్పుకోకపోతే వెనక్కి తీసుకోనివ్వరు కదా. ఆయనా సంతకం పెట్టాడట."

"ఇద్దరూ కలిసి వచ్చారా?"

"ఎవరొచ్చారు మేడమ్! పోస్టులో వచ్చింది. ఒకటే కవరు."

"ఒకే కాగితం మీద రెండు సంతకాలా? వేరేవేరే కాగితాలా?"

దోనికా ఆశ్చర్యంగా చూసింది. "అది నేనడగలేదు. కనుక్కోమంటారా?"

"వద్దు," అంది వెలిస్లావా. "ఊరికే అడిగాను."

దావా ముగించిన ఉత్తర్వు మీద వారంలోగా అప్పీలు చేసుకోవచ్చు. ఆ వారమంతా ఆమె తేదీలు చూసుకుంటూ గడిపింది. ఎందుకో తనకే తెలియదు. ఎవరూ చేయలేదు. ఉత్తర్వు ఖాయమైపోయింది. తాళం సీలు విప్పి ఉంటారు. ఆ ఇద్దరూ పడవలో ఎదురెదురుగా కూర్చున్నారో, లేక ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పోస్టులోనే కాగితం పంపుకుని సంతకాలు పెట్టారో ఏ ఫైల్లోనూ ఉండదు. ఈ ఒక్క కథకు చివర తెలిసిందనుకుంది. తెలిసింది కోర్టుకు కావలసినంతవరకే.

మార్చిలో మంచు కరిగాక ఒక శనివారం ఆమె కోటు వేసుకుని రేవుకు నడిచింది. ఈసారి విల్లో చెట్ల దగ్గర ఆగాల్సిన పనిలేదు. దావా లేదు, అందులో ఆమె జడ్జి కాదు. చెట్లు దాటేటప్పుడు మాత్రం కాళ్ళు అలవాటుగా ఒక్క క్షణం తడబడ్డాయి.

రేవులో చెక్క పడవలు పదికి పైగా ఉన్నాయి. ఒడ్డున ముసలివాళ్ళు ఏడెనిమిది మంది. ఇద్దరు వల బాగుచేస్తున్నారు. ఒకడు తారు కాస్తున్నాడు. ఇద్దరు ఒక పడవను బోర్లా తిప్పి దాని అడుగు గీకుతున్నారు, మాటల్లేకుండా, చెరో వైపు. ఇంకొకాయన బెంచీ మీద ఒంటరిగా కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు. అందరివీ ఒకేలాంటి ఉన్ని టోపీలు, ఒకేలాంటి ఎర్రటి చేతులు. వాళ్ళలో ఎవరైనా స్పిరిదోన్ కావచ్చు. ఎవరైనా మెతోది కావచ్చు. ఎవరూ కాకపోవచ్చు. స్పిరిదోన్ ఉప్పు సూప్ సంగతి తెలుసు, భార్య కొంగల్ని లెక్కపెట్టేదని తెలుసు, ముఖం తెలియదు. పేరు పెట్టి అడగవచ్చు. అడిగితే "మీరెవరు?" అంటారు. ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో ఆలోచించుకుని రాలేదు.

బెంచీ మీది ఆయన పక్కకు జరిగాడు. "కూర్చోమ్మా, ఎంతసేపు నిలబడతావు. చేపకోసమొచ్చావా? ఇవాళ ఏమీ లేదు."

"కాదండీ, ఊరికే."

"ఏ ఊరు మనది?"

"ఇదే ఊరు."

"ఇదే ఊరా! నేనెప్పుడూ చూడలేదే."

"ఎప్పుడూ లోపలే ఉంటానండీ," అంది వెలిస్లావా.

అతను తలూపి, నీళ్ళ వైపు చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. నిన్నటికంటే జానెడు పెరిగిందట. పైన ఎక్కడో వానలు పడ్డాయట. తన మోకాలికి ముందే తెలిసిందట. ఆమె చాలా జాగ్రత్తగా వింది. ఒక్కో వాక్యం ఎక్కడ మొదలవుతోందో, ఎక్కడ ఆగుతోందో, మాట ఎక్కడ విరుస్తున్నాడో వింది. ఈయన మాటలు పొడుగ్గా సాగి సాగి ఎక్కడికో పోతున్నాయి. నది గురించి మొదలుపెట్టి కోడలి గురించి ముగించాడు. స్పిరిదోన్ అలా చెప్పడు. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాడు.

ఈయన కాదు.

ఆమె బెంచీ మీద ఇంకాసేపు కూర్చుంది. ముసలాయన సిగరెట్టు ఆర్పి, నడుం పట్టుకుని లేచి, "చలి పెరుగుతోంది, పోమ్మా ఇంటికి," అని తన దారిన వెళ్ళిపోయాడు. అవతల పడవ గీకుతున్న ఇద్దరూ పని ఆపి రొట్టె పొట్లం విప్పుకున్నారు. గాలి అటునుంచి ఇటు వీస్తున్నా వాళ్ళ మాటలేవీ ఆమెదాకా రాలేదు. నది ఈ రోజు బూడిద రంగులో ఉంది.